గుంటూరులో బడిపిల్లలకు ప్లానెటోరియం షో: డోమ్ పిలిపించాలా, హైదరాబాద్ తీసుకెళ్ళాలా?

టీచర్ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో మీ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా 400 మంది పిల్లలున్నారు. ఒకాయన గాలి నింపే డోమ్ తెచ్చి, మనిషికి వంద రూపాయల చొప్పున, ఒక్క రోజులో అందరికీ అంతరిక్షం సినిమా వేస్తానంటున్నారు. మేనేజ్‌మెంట్ సరే అనేలా ఉంది. మీకేమో ఇంకొంత డబ్బు వేసి పిల్లల్ని హైదరాబాద్ బిర్లా ప్లానెటోరియంకే తీసుకెళ్తే మేలు కదా అనిపిస్తోంది. చీకటి గుడారంలో పిల్లల్ని కూర్చోబెట్టడం క్షేమమేనా అని కూడా అడిగారు.

నా సమాధానం: డోమ్‌నే పిలిపించండి, కానీ ఆయన చెప్పిన పద్ధతిలో వద్దు. ఒక్క రోజు చాలదు, రెండు రోజులు అడగండి. షోలో కనీసం సగం సేపు సినిమా ఆపేసి, ఆ రాత్రి గుంటూరు మీద ఏం కనిపిస్తుందో మనిషి నిలబడి తెలుగులో చూపించాలి. అదే వారంలో ఒక సాయంత్రం పిల్లలు బడి మేడెక్కి ఆ చుక్కల్నే వెతకాలి. ఈ మూడూ కుదిరితే వంద రూపాయలు పెట్టొచ్చు. కుదరకపోతే ఆ సినిమాని బడిలో ఉన్న ప్రొజెక్టర్ మీద ఊరికే వేసుకోవచ్చు, పెద్ద తేడా ఉండదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేనూ ఈ పనే చేస్తాను. చాలా ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి, తర్వాత ఒక డోమ్ కొనుక్కుని విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల బళ్ళలో షోలు వేస్తున్నాను. కాబట్టి డోమ్ వైపు మొగ్గు ఉంటుందని మీరు అనుకోవచ్చు. అందుకే కారణాలన్నీ వివరంగా రాస్తున్నాను, మీరే తూచుకోండి.

సినిమా ఒక్కటే ఎందుకు చాలదు

ప్లానెటోరియం అనే యంత్రం పుట్టిందే ఆకాశాన్ని చూపించడానికి. 1923లో జర్మనీలో జైస్ కంపెనీ ఇంజనీరు వాల్తేర్ బావర్స్‌ఫెల్డ్ తయారుచేసిన ప్రొజెక్టర్‌ని మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియం వాళ్ళకి చూపించారు. ఒక గదిలో కూర్చున్న జనానికి రాత్రంతా తిరిగే ఆకాశాన్ని కొద్ది నిమిషాల్లో తిప్పి చూపించడమే దాని పని. రోజులు, నెలలు గడుస్తుంటే గ్రహాలు ఎటు జరుగుతాయో కూడా కళ్ళముందు కనిపించేది. డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాక అదే డోమ్‌లో సినిమాలు వేయడం మొదలైంది. బ్లాక్‌హోల్ లోపలికి దూకడం, శని వలయాల మధ్య ఎగరడం, డైనోసార్ల మీద ఉల్క పడటం... పిల్లలు కేకలు పెడతారు, చప్పట్లు కొడతారు. బయటికొచ్చాక "ఏం చూశావురా?" అని అడిగితే "సూపర్‌గా ఉంది సార్" అంటారు, అంతే. అదే సాయంత్రం వాడి ఇంటి మీద మెరిసే చుక్కకీ, వాడు చూసిన సినిమాకీ ఏ సంబంధమూ ఏర్పడదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆ సినిమాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా నుంచి వచ్చినవి. వాటిలో ఆకాశం అక్కడిది. ధ్రువ నక్షత్రం సగం ఎత్తులో ఉంటుంది, సప్తర్షులు దాని చుట్టూ తిరుగుతూ ఎప్పటికీ అస్తమించరు. మనం ఉన్నది భూమధ్యరేఖకి సుమారు పదహారు డిగ్రీల ఉత్తరాన. కాబట్టి మనకి ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున నేలకి పదహారు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తు. గుంటూరు అరండల్‌పేటలో అయితే ఎదురింటి అపార్ట్‌మెంటే దాన్ని కప్పేస్తుంది. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనూ అంతే. సప్తర్షులు మనకి శుభ్రంగా ఉదయించి, శుభ్రంగా అస్తమిస్తారు. సినిమా చూసి మేడెక్కిన పిల్లవాడు ధ్రువ నక్షత్రం కోసం తలెత్తి సగం ఆకాశంలో వెతికితే దొరకదు, మళ్ళీ వెతకడు.

దానికి బదులు మనకి దొరికేది వేరే ఉంది. ఆకాశంలో ప్రకాశంలో రెండో స్థానంలో ఉన్న నక్షత్రం అగస్త్యుడు. లండన్ వాళ్ళకి అది ఎప్పుడూ కనిపించదు. ఢిల్లీలో నేలకి తొమ్మిది డిగ్రీల ఎత్తు కూడా రాదు. మనకి రెండు పిడికిళ్ళ ఎత్తుకి వస్తుంది. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదింటికి దక్షిణం వైపు తిరిగి నిలబడితే చాలు. మే నెలలో అయితే దక్షిణాన త్రిశంకు (ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు) కనిపిస్తుంది. సూర్యలంక బీచ్‌కి వెళ్ళిన రాత్రి సముద్రం వైపు తిరిగి చూస్తే అడ్డం ఏదీ ఉండదు. ఇవి ఏ విదేశీ సినిమా చెప్పదు. మన ఊళ్ళో ఆకాశం తెలిసిన మనిషి చెప్పాలి.

ఒక డోమ్‌లో ఏం చూపించొచ్చు

నేను షో మొదట్లో వేసేది సూర్యుడి దారి. గుంటూరు అని స్థలం పెట్టి, డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తుకి వస్తాడో చూపిస్తాను. యాభై డిగ్రీలు, దక్షిణం వైపు. తర్వాత రోజులు గబగబా జరుపుతాను. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఇంకా జరిపితే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళిపోతాడు. జూన్ 21న మిట్టమధ్యాహ్నం మన నీడ దక్షిణం వైపు పడుతుంది. మళ్ళీ ఆగస్టు మొదటి వారం చివర్లో నడినెత్తికి వస్తాడు. ఇక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు కూడా ఇది చూసి "నిజమా?" అంటారు. తర్వాతి ఎండాకాలంలో పిల్లలు కర్ర పాతి చూసుకోవచ్చు. ఒక విషయం: నీడ మాయమయ్యేది గడియారంలో సరిగ్గా 12కి కాదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, గుంటూరు దానికి పడమరగా ఉంది కాబట్టి దాదాపు ఎనిమిది నిమిషాలు ఆలస్యం. రుతువుని బట్టి ఇంకొన్ని నిమిషాలు అటూ ఇటూ మారుతుంది. డోమ్‌లో ఆ టైమ్ కూడా కనిపిస్తుంది.

ఇక్కడే వేసవి గురించి అడుగుతాను. "మనకి మేలో ఎందుకంత ఎండ?" అంటే సగం మంది "భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి" అంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జూలై మొదట్లో, 15.2 కోట్లు. మన సంక్రాంతి చలి అతి దగ్గరగా ఉన్న రోజుల్లోదే. డోమ్‌లో డిసెంబరు సూర్యుణ్ణీ, మే సూర్యుణ్ణీ పక్కపక్కన పెట్టాక కారణం దూరం కాదు, ఎత్తు అని ఎవరూ చెప్పకుండానే పిల్లలే అంటారు.

ఆ తర్వాత కార్తెలు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనే మాట వినని పిల్లవాడు మన జిల్లాలో ఉండడు. కానీ రోహిణి అంటే ఒక చుక్క అనీ, దాన్ని చూడొచ్చు అనీ తెలిసినవాళ్ళు తక్కువ. డోమ్‌లో పగటి వెలుగు తీసేసి, సూర్యుణ్ణి ఉంచి, వెనక చుక్కల్ని వెలిగించొచ్చు. నిజం ఆకాశంలో ఇది అసాధ్యం. మే 25 ప్రాంతం నుంచి రోజులు ఒక్కొక్కటిగా జరుపుతుంటే సూర్యుడు రోహిణి వైపు నడుస్తూ, నెలాఖరుకి ఎర్రటి ఆ చుక్కకి కొంచెం పైగా దాటుకుపోతాడు. జూన్ రెండో వారంలో మృగశిర. ఏరువాక లెక్కలన్నీ ఇలా సూర్యుడు ఏ చుక్కల ముందు ఉన్నాడన్న దాన్నిబట్టి కట్టినవే. నెలల పేర్లూ అంతే, కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు. తల్లిదండ్రులు వచ్చిన షోల్లో జాతకాల గురించి అడుగుతారు. నేను చుక్కల స్థానాలు, కాలం లెక్కల దగ్గరే ఆగిపోతాను. అది ఖగోళం, తక్కినది కాదు అని మర్యాదగానే చెప్తాను.

గుంటూరు కోసం ప్రత్యేకంగా ఒకటి అడగండి. తేదీ 1868 ఆగస్టు 18, స్థలం గుంటూరు, ఉదయం. ఆ రోజు ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త దానికోసమే గుంటూరు వచ్చాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా ఇక్కడే మకాం వేసింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ అనే పరికరంలో సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని రంగుల గీతలుగా విడగొట్టి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని అక్కడే తట్టి, మర్నాడు గుంటూరులోనే చేసి చూపించాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతని ముందు సోడియంది అనుకున్నారు. అది అప్పటిదాకా ఎవరికీ తెలియని మూలకానిదని తర్వాత ఇంగ్లండ్‌లో నార్మన్ లాకయర్ వాదించాడు, దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్జే చేతిలో.

డోమ్‌లో ఆ ఉదయాన్ని వేసినప్పుడు నేను మాట్లాడటం ఆపేస్తాను. చంద్రుడు సూర్యుణ్ణి కొరుకుతూ వస్తాడు, వెలుగు తగ్గుతుంది, చుక్కలు బయటపడతాయి. సూర్యుడి పక్కనే, రెండున్నర డిగ్రీల దూరంలో మఘ నక్షత్రం ఉంటుంది. అప్పుడు చెప్తాను, ఇది మన ఊరి మీద, మన ఆకాశంలో జరిగిందని. గుంటూరు పిల్లలు దీన్ని వినే తీరు వేరు. కిందటేడు ఒక బళ్ళో తొమ్మిదో తరగతి అమ్మాయి షో అయ్యాక ఆగి, "సార్, ఆయన ఏ వీధిలో ఉన్నాడు?" అని అడిగింది. నాకు ఇప్పటికీ ఇష్టమైన ప్రశ్న అది. ఏ డోమ్ నిర్వాహకుడైనా ఆకాశం సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఈ తేదీ పెట్టడం రెండు నిమిషాల పని. ఉచితంగా దొరికే స్టెల్లేరియంతో కూడా చేయొచ్చు.

పిల్లలతోపాటు బళ్ళో పనిచేసేవాళ్ళని కూడా ఒక షోకి కూర్చోబెట్టండి. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ చివరి షోలో వెనక కూర్చుంది. నేను కృత్తికల్ని చూపించగానే "అది పిల్లలకోడి కదయ్యా" అంది. తర్వాత ఆవిడే చెప్పింది, మిరప కోతల రోజుల్లో వేగుచుక్క పొడవగానే ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళట. "కొన్నేళ్ళు అది తెల్లారుజామున రాదు, ఎందుకయ్యా?" అని అడిగింది. శుక్రుడు కొన్ని నెలలు తెల్లవారుజామున, కొన్ని నెలలు సాయంత్రం కనిపిస్తాడనీ, ఆ చక్రం సుమారు 584 రోజులకి ఒకసారి తిరిగి వస్తుందనీ డోమ్‌లో జరిపి చూపించాను. ఆవిడ గమనించినదానికీ తెర మీద ఉన్నదానికీ తేడా లేదు. పిల్లలు ఆవిడ చుట్టూ చేరి ఇంకా ఏ చుక్కలు తెలుసో అడిగారు.

ఆ నిర్వాహకుణ్ణి ఏం అడగాలి

మొదట, లైవ్ ఆకాశం చూపిస్తారా, ఎవరు మాట్లాడతారు అని అడగండి. "ఆడియో ఉంటుందండీ" అంటే సినిమా మాత్రమే అని అర్థం.

రెండోది ప్రొజెక్టర్. డోమ్ గుండ్రం, ప్రొజెక్టర్ బొమ్మ దీర్ఘచతురస్రం. ఫిష్‌ఐ లెన్స్‌తో (బొమ్మని డోమ్ అంతటా గుండ్రంగా పరిచే లెన్స్) వేస్తే బొమ్మ ఎత్తు ఎంతో గుండ్రం అంతే. ఫుల్ హెచ్‌డీ అయితే 1080 పిక్సెల్స్, 4కే అయితే 2160. 180 డిగ్రీల ఆకాశాన్ని 1080లో ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కి డిగ్రీలో ఆరో వంతు వస్తుంది. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ, అంటే నిజమైన సైజులో మూడే పిక్సెల్స్. అందుకే అందరం చంద్రుణ్ణి పెద్దది చేసి చూపిస్తాం, అది తప్పు కాదు, కానీ పిల్లలకి చెప్పాలి. నేను చెప్పే పరీక్ష అరుంధతి. వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య దూరం డిగ్రీలో అయిదో వంతు. ఫుల్ హెచ్‌డీ డోమ్‌లో రెండూ కలిసిపోతాయి, 4కేలో కష్టంగా విడిపోతాయి. మామూలు చూపున్న పిల్లవాడు మేడ మీంచి ఏప్రిల్ సాయంత్రం చూస్తే విడిగానే చూడగలడు. పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపించడం అందరూ చూసిందే కాబట్టి ఈ పోలిక పిల్లలకి బాగా ఎక్కుతుంది. డోమ్ కంటే వాళ్ళ కళ్ళే మెరుగని తెలిశాక మేడెక్కమని బతిమాలాల్సిన పని ఉండదు.

మూడోది, ఆయన చెప్పే విషయాలు సరిగ్గా ఉన్నాయా అన్నది. రెండు ప్రశ్నలు చాలు. ధ్రువ నక్షత్రం అన్నిటికంటే ప్రకాశమైనదా? కాదు, అంతకంటే ప్రకాశంగా నలభైకి పైగా నక్షత్రాలున్నాయి. గ్రహాలెన్ని? 2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చారు కాబట్టి ఎనిమిది. ఈ రెండింటిలో తడబడితే వేరేవాళ్ళని చూసుకోండి.

లెక్క కూడా వేయండి. అయిదు మీటర్ల డోమ్‌లో హైస్కూల్ పిల్లలు ముప్పై మంది హాయిగా పడతారు. 400 మందికి పద్నాలుగు షోలు. ఒక్కో షో నలభై నిమిషాలు, లోపలికి పంపి బయటికి తేవడానికి పది నిమిషాలు. మొత్తం పదకొండు గంటలు దాటుతుంది. ఒక్క రోజులో చేస్తానంటే రెండే దారులు: యాభై మందిని కుక్కడం, లేదా షోని ఇరవై నిమిషాలకి కుదించడం. రెండూ ఒప్పుకోకండి. రోజుకి ఏడు షోల చొప్పున రెండు రోజులు అంటే అందరికీ ఊపిరి పీల్చుకునే టైమ్ ఉంటుంది, చెప్పే మనిషి గొంతూ నిలబడుతుంది.

క్షేమం గురించి

గాలి డోమ్‌లో ఇనుప కమ్మీలు ఉండవు. బ్లోయర్ ఫ్యాన్ బయటి గాలిని ఆగకుండా లోపలికి తోస్తుంటుంది, ఆ గాలితోనే గుడ్డ నిలబడుతుంది. కరెంటు పోతే ఒక్కసారిగా కూలదు, మెల్లగా కుంగుతుంది, పిల్లలు నడిచి బయటికి రావడానికి టైమ్ ఉంటుంది. అయినా బ్లోయర్‌కి ఇన్వర్టర్ ఉండాలని పట్టుబట్టండి. లోపల ఒక టీచర్, తలుపు దగ్గర ఒక టీచర్ తప్పనిసరి. గుడ్డ మంట అంటుకోని రకమా కాదా అడగండి, అత్యవసరంగా తెరిచే జిప్ ఎక్కడుందో షో ముందు పిల్లలకి చూపించమనండి.

స్థలం విషయంలో చాలా బళ్ళు ఇబ్బంది పడతాయి. అయిదు మీటర్ల డోమ్ ఎత్తు పదకొండు అడుగుల దాకా వస్తుంది. మామూలు క్లాసురూం స్లాబు పది అడుగులే. ప్రార్థన హాలో, ఆడిటోరియమో కావాలి. రేకుల షెడ్డు ఎత్తు సరిపోతుంది గానీ మధ్యాహ్నం పూట గుంటూరులో దాని కింద కూర్చోవడం నరకం. మార్చి తర్వాత షెడ్డులో పెట్టకండి. ఆరుబయట గాలికి డోమ్ ఊగుతుంది, వద్దు.

పిల్లలు బూట్లు విప్పాలి. కంపాస్ బాక్సులు, పెన్నులు క్లాసులో వదిలేయాలి, గుడ్డకి చిల్లు పడేది వాటితోనే. వెలిగే స్మార్ట్‌వాచీలు తీయించండి. ఒక్క వాచీ వెలిగినా చుట్టూ పదిమందికి చుక్కలు మాయమవుతాయి. కొందరికి సినిమాలో ఆకాశం గిర్రున తిరిగేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, అలాంటప్పుడు కళ్ళు మూసుకుని నేలమీద చెయ్యి ఆనించమని ముందే చెప్పండి. లైవ్ ఆకాశాన్ని నిదానంగా తిప్పితే ఈ సమస్య దాదాపు రాదు. మూర్ఛ ఉన్న పిల్లల ఇంట్లో ముందే మాట్లాడండి. చీకటి అంటే భయపడే పిల్లల్ని తలుపు పక్కన కూర్చోబెడితే సరిపోతుంది.

హైదరాబాద్ ఎప్పుడు వెళ్ళాలి

బిర్లా ప్లానెటోరియం మంచిది, అందులో సందేహం లేదు. 1985లో నౌబత్ పహాడ్ మీద అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ప్రారంభించారు. శాశ్వతమైన పెద్ద డోమ్, తెలుగులో షోలు, పక్కనే సైన్స్ మ్యూజియం. ఒక రోజంతా గడపొచ్చు. కానీ గుంటూరు నుంచి బస్సులో ఆరు గంటలు వెళ్ళడం, ఆరు గంటలు రావడం, రాత్రి బస. 400 మందిని తీసుకెళ్ళలేరు, ఖర్చు పెట్టుకోగలిగినవాళ్ళే వెళ్తారు. డోమ్ షో అయ్యాక బాగా ఆసక్తి చూపించిన తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలభై మందితో ఒక బస్సు వేయండి. అప్పటికి వాళ్ళకి ఏం చూడాలో, ఏం అడగాలో తెలుస్తుంది. అదే డబ్బుతో ఇంకో ఆలోచన కూడా చేయొచ్చు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలు చూడటానికి ఇస్రో 2019 నుంచి ప్రజలకి గ్యాలరీ తెరిచింది, ఇంటర్నెట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. ప్రయోగం వాయిదా పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఒక రోజు అటూ ఇటూ పెట్టుకుని వెళ్ళాలి.

తేదీ ఎలా పెట్టుకోవాలి

చాలా బళ్ళు ఆగస్టు 23న, చంద్రయాన్-3 దిగిన జాతీయ అంతరిక్ష దినోత్సవానికి షో పెట్టమంటాయి. డోమ్ లోపలికి ఇబ్బంది లేదు, కానీ ఆ రోజుల్లో మేడ మీద మబ్బులే. అక్టోబరు, నవంబరులో తుఫాన్లు. మనకి సాయంత్రం ఆకాశం నమ్మదగ్గది డిసెంబరు చివర నుంచి. పదో తరగతి వాళ్ళకి ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్స్ టెన్షన్ మొదలవుతుంది కాబట్టి సంక్రాంతి సెలవుల తర్వాత, జనవరి నెలాఖరు మీకు సరిగ్గా సరిపోతుంది.

ఆ పది పదిహేను రోజుల్లో పంచాంగం చూసి శుక్ల పంచమి నుంచి అష్టమి లోపు ఒక రోజు ఎంచుకోండి. సాయంత్రానికి చంద్రుడు పైనే ఉంటాడు, వెలుగు చీకటి కలిసే గీత దగ్గర గుంటల నీడలు చిన్న టెలిస్కోప్‌లో కూడా అద్భుతంగా కనిపిస్తాయి. పౌర్ణమి నాడు నీడలుండవు, చంద్రుడు చదునుగా కనిపిస్తాడు. టెలిస్కోప్ లేకపోతే మామూలు బైనాక్యులర్ చాలు.

మేడ మీద రాత్రి ఏడున్నర నుంచి గంటసేపు. ముందు బడి మేడ లైట్లు, ఫ్లడ్‌లైట్లు ఆర్పించండి, వాచ్‌మన్‌కి పొద్దున్నే చెప్పాలి. ఫోన్లు జేబులో ఉండాలి, ఎందుకంటే కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది, ఒక్క ఫోన్ వెలుగుతో మళ్ళీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టండి. చీకటి పల్లెలో ఒకేసారి రెండు వేలకి పైగా చుక్కలు కనిపిస్తాయి, గుంటూరు మధ్యలో కొన్ని పదులు దొరుకుతాయి. అవి చాలు. నడినెత్తి దగ్గర కృత్తికలు, పక్కన ఎర్రగా రోహిణి, తూర్పు వైపు ఎత్తుగా మృగశిర దగ్గరి మూడు చుక్కల వరుస, ఎర్రటి ఆర్ద్ర, దాని కింద లుబ్ధకం (సిరియస్). ఎనిమిదింటికి దక్షిణాన, ఆగ్నేయం వైపు కొంచెం ఒరిగి అగస్త్యుడు. పిల్లలు డోమ్‌లో చూడనిది ఒకటి ఇక్కడ చూస్తారు, చుక్కలు మినుకుమనడం. డోమ్‌లో గాలి పొరలు లేవు కాబట్టి సాధారణంగా మినుకుమనవు. అది ఎందుకో మర్నాడు క్లాసులో అడగండి, మీ వక్రీభవనం పాఠం అక్కణ్ణించే మొదలవుతుంది.

సాయంత్రం ఉండలేని, బస్సుల్లో వెళ్ళిపోయే పిల్లలకి ఈ చుక్కల పేర్లు, దిక్కు, పిడికిళ్ళ ఎత్తు రాసిన ఒక కాగితం ఇచ్చి పంపండి, వాళ్ళ ఇంటి దగ్గరే చూసుకుంటారు. ఆ రాత్రి మబ్బు పడితే భయం లేదు, చుక్కలు వారంలో మారిపోవు. చంద్రుడు మాత్రం దాటిపోతాడు, కాబట్టి ముందే రెండో తేదీ అనుకుని ఉంచండి. ఇక డబ్బు కట్టలేని పిల్లల విషయం: ముప్పై మంది పట్టే షోలో ఇద్దరు ముగ్గురిని ఉచితంగా కూర్చోబెట్టమంటే ఏ నిర్వాహకుడికీ నష్టం రాదు. ఒప్పందం కాగితం మీద పెట్టేటప్పుడే అది రాయించుకోండి, షో రోజున గుమ్మం దగ్గర ఏ పిల్లవాణ్ణీ వెనక్కి పంపాల్సి రాదు.